నేను ఎర్రసిరాతో దిద్దిన నాలుగు పేజీలు

నా అనువాదాలన్నీ కలిపి పుస్తకం వేస్తామని మొన్న విజయవాడ నుంచి ఒక ప్రచురణకర్త ఫోన్ చేశారు. మొదటి కథగా సొరంగం గుమాస్తా కథే ఉండాలన్నారు. "అది చదివి మా ఆఫీసులో ఇప్పటికీ నవ్వుకుంటాం మేడమ్. ఎవడైనా పెత్తనం చేస్తే 'వచ్చాడ్రా సొరంగం గుమాస్తా' అంటాం," అన్నారు. ఆ కథ వద్దన్నాను. ఆయనకి కోపం వచ్చింది. "మీ కథల్లో జనానికి గుర్తున్నది అదొక్కటే," అన్నారు. నిజమే. అందుకే నాకూ కోపం వచ్చింది. వేస్తే గీస్తే దానికి ముందు ఇదీ వేయండి, లేదా రెండూ మానేయండి అని చెప్పి రాయడానికి కూర్చున్నాను.

అప్పట్లో మేము ఐర్లండులో, లీక్స్‌లిప్ అనే ఊళ్లో అద్దెకుండేవాళ్లం. అక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీని పెంచుతున్న రోజులు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆకాశం కంటే క్రేన్లే ఎక్కువ కనిపించేవి. మావారు అందులో ఇంజినీరు. నేను తెనాలిలో జూనియర్ కాలేజీలో పదకొండేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ఉద్యోగం వదులుకుని, కాగితాల మీద 'డిపెండెంట్' అని రాయించుకుని వచ్చినదాన్ని. ఆ మాట చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. మండే ఒళ్లుతో ఇంట్లో కూర్చుంటే మావారికే నష్టం కాబట్టి, బుధవారం ఉదయాలు లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ కొత్తగా వచ్చినవాళ్ల కోసం మాటల గుంపు ఒకటి నడిచేది. టీ, బిస్కెట్లు, వాన గురించి కబుర్లు.

లైబ్రేరియన్ మంచి మనిషి. ఆసియా అంతా ఒకే వీధి అనుకునేది. అందుకని నన్ను తీసుకెళ్లి ఒక చైనా ఆవిడ పక్కన కూర్చోబెట్టి, "మీ ఇద్దరికీ బోలెడు కబుర్లుంటాయి!" అని వెళ్లిపోయింది. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. నెరిసిన పొట్టిజుట్టు, చేతిలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు. కూతురు కూడా ఆ ఫ్యాక్టరీలోనే షిఫ్టుల్లో పనిచేస్తుంది, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చాను అంది. మా ఊళ్లో ముప్ఫయ్యొక్క ఏళ్లు హైస్కూల్లో చైనీస్ సాహిత్యం చెప్పాను, ఇంగ్లీషు మాత్రం రేడియో విని నేర్చుకున్నాను అంది. నేనూ టీచర్నే అన్నాను. ఆవిడ వెంటనే కుర్చీ నా వైపు తిప్పుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను 'టీచర్' అనేది, నేను ఆవిణ్ణి 'టీచర్' అనేదాన్ని. వాళ్ల దేశంలో పంతుళ్లు ఒకర్నొకరు అలాగే పిలుచుకుంటారట.

వాన కబుర్లు రెండు వారాల్లో అయిపోయాయి. మూడో వారం నుంచి యుద్ధకాలపు సాహిత్యం. జపాన్ విమానాలు బాంబులు వేస్తున్న ఏళ్లలో వాళ్ల రచయితలు తూర్పు పట్టణాలు వదిలి లోపలి ఊళ్లకి చేరారు. అక్కడ కూర్చుని ఏం రాశారు అని నేనడిగాను.

"రెండు రకాలు టీచర్," అంది ఆవిడ. "బియ్యంలో ఇసుక ఉందని రాసినవాళ్లు కొందరు. ఆ బియ్యం పంచే కమిటీ పెద్ద గురించి రాసినవాళ్లు కొందరు."

"నా ఓటు రెండోవాళ్లకి," అన్నాను. "ఏడిపించడం ఎవరైనా చేస్తారు. నెత్తిన బాంబులు పడుతుంటే శత్రువుని కాకుండా సొంతవాళ్లని చూసి నవ్వాలంటే గుండె ఉండాలి."

"గుండె ఉంది. రైలు టిక్కెట్టు కూడా ఉంది. నవ్వినవాళ్లు మూడు నెలలుండి వెళ్లిపోయారు. ఊళ్లోవాళ్లు ఉండిపోయారు."

ఆ మాట నేను పట్టించుకోలేదు. వాదనలో గెలిచాననుకున్నాను.

లైబ్రరీ అయ్యాక మా ఇంటికి వచ్చేది. నేను కాఫీ, ఆవిడ తన వేణ్ణీళ్లు. ఒక రోజు సంచిలోంచి పాత పాఠ్యపుస్తకం తీసింది. ఎన్నో ఏళ్లు చెప్పిన పాఠం ఇది, మీకు నచ్చే రకమే అంది. ఒక్కో వాక్యం చైనీస్‌లో చదివి, ఇంగ్లీషులో అర్థం చెప్పేది. నేను తెలుగులో రాసుకునేదాన్ని. ఆరు బుధవారాలు పట్టింది.

కథ ఇది. కొండల మధ్య ఒక పట్టణం. విమానాలు వస్తే దాక్కోవడానికి కొండలో సొరంగం తవ్వారు. దానికి ఒక గుమాస్తా. చేతికి గుడ్డపట్టీ, చంకలో రిజిస్టరు. సైరన్ మోగి జనం పరిగెత్తుకొస్తుంటే అతను గుమ్మంలో వెదురు పీట వేసుకుని కూర్చుని, "పేరు, ఇల్లు, వయసు! రాయందే లోపలికి వదిలేది లేదు!" అంటాడు. చదువు రానివాళ్లకి వేలిముద్ర. ఒక ముసలావిడ తన పేరు ఎవరూ పిలవక నలభై ఏళ్లయింది, గుర్తు లేదంటుంది. అయితే గుర్తు తెచ్చుకుని రా అంటాడు. పైన విమానాలు మోగుతుంటాయి, కింద సిరా ఎండిపోతుంది. చివరి మనిషి సంతకం పెట్టేసరికి ప్రమాదం తప్పిందని రెండో సైరన్ మోగుతుంది. గుమాస్తా రిజిస్టరు కింద 'అందరూ క్షేమం' అని రాసి, తనే ముందు బయటికి నడుస్తాడు.

నేను నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాను. మన తాలూకా ఆఫీసులన్నీ కళ్లముందు తిరిగాయి. వారపత్రికకి పంపుతాను, పెద్ద ముందుమాట రాస్తాను అన్నాను. ఐర్లండు వచ్చాక నా పేరు అచ్చులో చూసుకునే మొదటి అవకాశం అది. ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ, "చివర ఒక చిన్న రాత చేర్చగలరా? నేను రాసిస్తాను," అంది.

"ఎవరు రాసింది?"

"నేనే. ఆ గుమాస్తా మా నాన్న."

నాకు మొదట కలిగింది జాలి కాదు, సంబరం. ముందుమాటలో రాసుకోవడానికి ఎంత గొప్ప సంగతి దొరికింది! ఆ తర్వాత అడిగాను, మరి ఆ పాఠం క్లాసులో ఎలా చెప్పారు అని.

"బాగా చెప్పేదాన్ని. పిల్లలు బాగా నవ్వేవాళ్లు. పరీక్షలో ఎప్పుడూ ఒకటే ప్రశ్న వచ్చేది, గుమాస్తా స్వభావం వివరించండి అని. స్వార్థం, పిరికితనం, అధికార దాహం. మూడూ రాస్తే పూర్తి మార్కులు."

"మీరే వేసేవారా?"

"ఇంకెవరు వేస్తారు టీచర్?"

తర్వాతి బుధవారం నాలుగు పేజీలు తెచ్చింది. గీతల కాగితం, గుండ్రటి అక్షరాలు. ఇంగ్లీషు మాత్రం రేడియోలో నేర్చుకున్నట్టే ఉంది. ఒక వాక్యం నిండు సూటు వేసుకుని వస్తే ఇంకోటి చెప్పులు కూడా లేకుండా వచ్చేది. ఆవిడ వెళ్లాక బల్ల ముందు కూర్చుని ఎర్ర కలం తీశాను. ఎవరూ తియ్యమనలేదు. పదకొండేళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి అది. రాసిన కాగితం కనపడితే ఆగదు.

మావారు డ్యూటీ నుంచి వచ్చి తొంగిచూశారు. "ఏంటోయ్, పెద్దావిడ పరీక్ష రాసిందా?"

"దిద్దకపోతే ఎలాగండీ? ఇలాగే వేస్తే నవ్వుతారు."

"ఎవర్ని చూసి? ఆవిణ్ణా, నిన్నా?"

"మీకు సాహిత్యం తెలీదు, వెళ్లి అన్నం పెట్టుకోండి."

"సాహిత్యం తెలీకే ఇన్నాళ్లు అన్నం తింటున్నా," అని నవ్వుతూ వెళ్లిపోయారు.

ఆ పేజీల్లో ఉన్నది ఇప్పుడు నాకు గుర్తున్నంత వరకే చెప్పగలను. రిజిస్టరు ఎందుకు వచ్చిందో ఆవిడ రాసింది. ఆ సొరంగం కంటే ముందు చిన్నది ఇంకొకటి ఉండేదట. ఒక రోజు బాంబు పడి దాని గుమ్మం కూలిపోయింది. లోపల ఎవరున్నారో, ఎందరున్నారో ఊళ్లో ఎవరికీ తెలీదు. ఇద్దరన్నారు, పదిమందన్నారు. ఒక రోజంతా తవ్వి, ఉన్నవాళ్లంతా బయటపడి ఉంటారులే అని ఆపేశారు. మూడోనాడు వాన పడి మట్టి జారితే చేతులు కనిపించాయి. బడిపంతులుగా ఉన్న ఆయన ఆ తర్వాతే గుమాస్తా పని అడిగి తీసుకున్నాడు. ఎవరి కోసం తవ్వాలో తెలియాలని పేర్లు రాయడం మొదలుపెట్టాడు. గుమ్మం దగ్గర కూర్చోవడం ముందు పారిపోవడానికి కాదు, కూలితే మొదట కూలేది గుమ్మమే కాబట్టి. దాని కింద, "మా నాన్నకి ఆ చేతిపట్టీ అంటే ఇష్టం కూడా, అద్దంలో చూసుకునేవాడు, ముసలివాళ్లని కసిరేవాడు, అది కథలో అబద్ధం కాదు," అని రాసింది. ఆ తర్వాత కూలిన సొరంగంలో పోయినవాళ్ల పేర్లు, వయసులు, ఒకదాని కింద ఒకటి. చివరి పేజీలో, చాలా ఏళ్ల తర్వాత జనాన్ని వేదికలెక్కించి తిట్టే కాలం వచ్చినప్పుడు, ఆయన్ని నిలబెట్టి ఆ కథనే ఆయనకి చదివి వినిపించారని ఉంది.

నేను మార్జిన్లలో రాసినవి మాత్రం ఒక్కటి కూడా మర్చిపోలేదు. సొరంగం కూలిన భాగం పక్కన: 'విషయానికి దూరం.' చేతిపట్టీ మాట పక్కన: 'పరస్పర విరుద్ధం. ఏదో ఒకటి తేల్చుకోండి.' పేర్ల జాబితా మీద అడ్డంగా ఒక గీత, పక్కన: 'అనవసరం.' వేదిక సంగతి పక్కన: 'కథాకాలం దాటింది.'

తిరిగి ఇచ్చేటప్పుడు ఊరుకున్నానా? లేదు. వాదించాను.

"కథలో లేనిది కథకి అంటగట్టకూడదు టీచర్."

"అంటగట్టొద్దు. పక్కన పెట్టండి చాలు."

"పక్కన పెడితే కథ చచ్చిపోతుంది. నవ్విన పాఠకుణ్ణి చెంపదెబ్బ కొట్టినట్టుంటుంది. వ్యంగ్యం కోర్టు కాదు, రెండు వైపులా వినడానికి."

"కోర్టు కాదు. కానీ శిక్ష పడింది కదా," అంది. గొంతు పెంచలేదు. ఎర్ర గీతల మీద వేలుతో మెల్లిగా వెళ్తూ, ప్రతి దిద్దుబాటూ చదివింది. తర్వాత రెండు చేతులతో కాగితాలు పట్టుకుని, "ఇంత శ్రద్ధగా చూసినందుకు థాంక్స్," అంది. అది ఎత్తిపొడుపేమోనని ముఖంలోకి చూశాను. కాదు. దిద్దిన కాగితం తీసుకునే విద్యార్థి ముఖం అది. నాకు తెలిసిన ముఖమే. వందల్లో చూశాను.

వారం తర్వాత శుభ్రంగా తిరగరాసి తెచ్చింది. ఒకే పేజీ. నేను విషయానికి దూరం అన్నది తీసేసింది. విరుద్ధం అన్నచోట ఒకటి తేల్చుకుంది, చేతిపట్టీ అంటే ఇష్టపడ్డ నాన్ననే ఉంచింది. జాబితా లేదు, వేదిక లేదు. మిగిలింది ఏమిటంటే, నా తండ్రి యుద్ధకాలంలో సొరంగం గుమాస్తాగా పనిచేశారు, తన హోదా పట్ల ఆయనకి గర్వం ఉండేది, రచయిత ఆ స్వభావాన్ని చక్కగా చిత్రించారు. తప్పుల్లేని ఇంగ్లీషు. స్వభావ చిత్రణకి పూర్తి మార్కులు వచ్చే జవాబు.

నేనేం చేశానో రాయక తప్పదు. బాగుంది అన్నాను. అలవాటు కొద్దీ పైన టిక్కు పెట్టాను. తర్వాత, ఇందులో కథలో లేనిదేమీ లేదు కదా, వేరే వేయడం దేనికి టీచర్ అన్నాను. ఆవిడ తలూపింది. కథ ఒక్కటే పోస్టులో వెళ్లింది. నా ముందుమాటతో సహా. అందులో కన్నీటి వాస్తవికత మీద నాలుగు చురకలు కూడా ఉన్నాయి.

కథ అచ్చయ్యాక ఉత్తరాలు వచ్చాయి. అందరూ నవ్వారు. ఆవిడకి చదివి వినిపించాను కూడా. వింటూ మర్యాదగా నవ్వింది. బుధవారాలు వస్తూనే ఉంది, మళ్లీ వాన గురించి మాట్లాడుకున్నాం. నాన్న ఊసు ఆవిడ ఎత్తలేదు, నేను అడగలేదు. ఆ వేసవిలో వాళ్ల ఊరు వెళ్లిపోయింది.

ఆవిడ పేజీలు నాకు అర్థం కావడానికి పదేళ్ల పైన పట్టింది. అప్పటికి అత్లోన్ అనే ఊళ్లో ఒక కాలేజీలో విద్యార్థుల ఇంగ్లీషు దిద్దే ఉద్యోగం దొరికింది. అంటే అదే చెయ్యి, అదే ఎర్ర కలం, కాకపోతే కంప్యూటర్లో. మా అంతస్తుకి అగ్నిప్రమాదాల బాధ్యత నాకు అంటగట్టారు. అలారం మోగితే పసుపు కోటు వేసుకుని, జాబితా పట్టుకుని, కారు పార్కులో అందర్నీ లెక్కపెట్టాలి. ఒక మధ్యాహ్నం మోగింది. ఊరికే అభ్యాసం కాదు, కింద వంటగదిలోంచి పొగ. నేను పేర్లు పిలుస్తుంటే మన హైదరాబాదు పిల్లలు పక్కన గుసగుసలు.

"ఆంటీ, ఈ జాకెట్ మీకు మస్తు సెట్టయింది."

"హాజరు తీస్కుంటుందిరా బై, లేనోనికి ప్రాక్సీ చెప్పు!"

"నోర్మూసుకుని నుంచోండి," అన్నాను. ఒక పేరుకి జవాబు రాలేదు. రెండుసార్లు పిలిచాను. మూడోసారి అరిచాను. ఏడు నిమిషాలకి ఆ పిల్ల చెవుల్లో పాటలు పెట్టుకుని వెనక గేటులోంచి తాపీగా వచ్చింది. అసలు ఆ రోజు లోపలే లేదట. పిల్లలంతా గొల్లుమన్నారు. నేను ఆ పిల్లని జబ్బ పట్టుకుని కుదిపి, అందరిముందూ నానా మాటలూ తిట్టాను. తర్వాత క్షమాపణ కూడా రాసివ్వాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి అలమారాలన్నీ వెతికాను. ఆ ఒక్క పేజీ దొరికింది, నా టిక్కుతో సహా. నాలుగు పేజీలు ఆవిడతో వెళ్లిపోయాయి కదా. కూతురి నంబరుండేది. చేయలేదు. రేపు చేద్దాం అనుకున్నాను, క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో ముందు రాసుకుందాం అనుకున్నాను. నోటి దురుసుతనం ఉన్నవాళ్లకి క్షమాపణ దగ్గర మాత్రం మాటలు దొరకవు. ఏళ్లు గడిచాయి.

మొన్న ప్రచురణకర్త ఫోన్ పెట్టేశాక చేశాను. కూతురు ఇంకా లీక్స్‌లిప్‌లోనే ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"అమ్మ పోయిన ఏడాది పోయిందండీ," అంది.

నేను వెంటనే ఆ పేజీల కోసం అడిగాను. వాళ్ల అమ్మ సామానంతా తనే సర్దిందట, అలాంటివేమీ లేవంది. తర్వాత తనే అంది, "అమ్మ మాకు తాతయ్య గురించి ఏమీ చెప్పేది కాదు. పాఠంలో ఉన్నదే మాకు తెలుసు. గట్టిగా అడిగితే, అంతా రాశాను, ఐర్లండులో ఒక టీచర్ దగ్గర ఉంది అనేది. మీ దగ్గర ఉందనే అనుకున్నాం."

నా దగ్గర ఒక పేజీ ఉందని చెప్పాను. అందులో ఏమీ లేదని కూడా చెప్పాను. గుర్తున్నదంతా చెప్పుకొచ్చాను: ముందు కూలిన సొరంగం, ఆపేసిన తవ్వకం, వాన, గుమ్మం దగ్గర పీట, చేతిపట్టీ, పేర్ల జాబితా, వేదిక. అటువైపు కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎవరు గీత కొట్టారో కూడా చెప్పాను.

"పేర్ల జాబితా ఉందన్నారు. అందులో అమ్మ ఇంటిపేరుతో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. "అమ్మకి ఒక అక్క ఉండేదట. చిన్నప్పుడే పోయిందట. ఎలా పోయిందో మాకు తెలీదు. పేరు కూడా తెలీదు. తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు."

వాళ్లూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, పెళ్లయినా ఆడవాళ్లు పుట్టింటి ఇంటిపేరు మార్చుకోరు. తెలుగుదాన్ని, చూడగానే పట్టుకోవలసినదాన్ని. ఆవిడ ఇంటిపేరు నాకు తెలుసు. ఆ జాబితాలో ఏడో వరసలో అదే ఇంటిపేరు ఉంది. పక్కన తొమ్మిదేళ్లు అని ఉంది. అది ఇప్పుడు కూడా కళ్లకి కడుతోంది. ఆవిడ ఇది మా అక్క అని రాయలేదు. అందరి పేర్ల మధ్య ఒక పేరుగా రాసి ఊరుకుంది, నేను అడుగుతానని చూసిందో ఏమో. నేను స్కేలు పెట్టి గీత కొట్టాను.

"ఉంది," అన్నాను. "ఏడో పేరు. తొమ్మిదేళ్లు."

"పేరేంటి?"

రెండు అక్షరాలో, మూడో. గీత గుర్తుంది. గీత కింద ఉన్నది గుర్తు లేదు.

"గుర్తు లేదమ్మా," అన్నాను.

అటువైపు కలం ఆగిపోయింది. "గ్రాండ్, ఫరవాలేదండీ," అంది. ఈ దేశంలో ఏదీ బాగాలేనప్పుడు అనే మాట. "వయసైనా తెలిసింది," అని, షిఫ్టుకి టైమవుతోందని ఫోన్ పెట్టేసింది.